బూడిదకొండ మీద మేడ

డ్రిల్లు అయ్యవారిగా ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ మల్లికార్జునయ్యను ఎవరూ అయ్యవార్ల లెక్కలో వేయలేదు. లెక్కల సారుకు జ్వరం వస్తే ఆ పిల్లల్ని కూర్చోబెట్టుకునేది ఈయన. ఇంగ్లీషు సారు పెళ్ళికి పోతే మళ్ళీ ఈయనే. బడి వార్షికోత్సవం వచ్చిందంటే కరపత్రంలో అందరి పేర్లూ డిగ్రీలతో సహా అచ్చువేసి, చివర్న "మరియు ఇతర సిబ్బంది" అని ముగించేవారు. ఆ ఇతర సిబ్బందిలో సగం మల్లికార్జునయ్య, తక్కిన సగం గంట కొట్టే ఆదెన్న. తనకల్లులో ఇదే తంతు, కదిరిలో ఇదే, కళ్యాణదుర్గంలోనూ ఇదే. ఆఖరికి తాడిపత్రి దిక్కున ఉన్న బండగుంటపల్లెకు బదిలీ అయి వస్తే, ఇక్కడ బడికి ఆటస్థలమే లేదు. ఎటు చూసినా నాపబండలే. కబడ్డీలో ఒక పిల్లవాడు పడ్డాడంటే వాడి మోకాలి చర్మం అక్కడే ఉండిపోయేది.

మరి డ్రిల్లు పీరియడులో ఏం చేయాలి? ఊరి వెనక బూడిదకొండ ఉంది కదా, అక్కడికి తీసుకుపోయేవాడు. దూరం నుంచి చూస్తే ఎవరో పొయ్యిలోని బూడిదంతా ఎత్తి కుప్ప పోసినట్టుంటుంది. దగ్గరికి పోతే అంతా సున్నపురాయి. ఎన్ని యుగాల వానలు కొరికాయో ఏమో, రాయంతా పలకలు పలకలుగా, అంచులు కత్తుల్లాగా లేచి ఉంటుంది. చూడకుండా చెయ్యేస్తే అరచెయ్యి తెగుతుంది. మధ్యమధ్యలో బొక్కలు. వాటిలో గులకరాయి వేస్తే, మనం దాని సంగతి మరిచిపోయాక ఎప్పుడో కింద చప్పుడవుతుంది. పైన ఒక గూట్లో నరసింహస్వామి ఉన్నాడు. ఏడాదికొకసారి ఊరివాళ్ళు చుట్టుదారిన పోయి టెంకాయ కొట్టి వస్తారు. మల్లికార్జునయ్య మాత్రం ఆ చుట్టుదారిని వదిలేసి, చేతులూ కాళ్ళూ రెండూ పనిచేయించి నేరుగా ఎక్కే దారి ఒకటి కనిపెట్టాడు. అందులో పిల్లిసందు అని ఒక చోటుంది. రెండు బండల మధ్య సన్నటి చీలిక. వీపు ఒక బండకు, పాదాలు ఇంకో బండకు ఆనించి, కొంచెం కొంచెంగా పైకి జరగాలి. పిల్లలు దాని కోసం పడిచచ్చేవాళ్ళు.

రెండువేల ఆరులో, ఎండలు బాగా ముదిరిన రోజుల్లో, ఆ కొండ దగ్గరికి భరత్‌కుమార్ వచ్చాడు. అనంతపురంలో బట్టలంగడి పెట్టుకున్నవాళ్ళ అబ్బాయి. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. సెలవు దొరికితే కొండలెక్కే పిచ్చి, అది చాలదన్నట్టు తనలాంటి పిచ్చివాళ్ళందరినీ పోగేసి ఒక సంఘం పెట్టాడు. మల్లికార్జునయ్య వెంట పిల్లిసందులో దూరి పైకి తేలి, చొక్కా వీపున చిరిగిపోయినా లెక్కచేయకుండా అక్కడే కూర్చుని నవ్వాడు.

"సార్, మన జిల్లా కొండల దారులన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తాండాము. ఈ దారి అందులో ఉండాల్సిందే. దారి ఎవురు పెడితే వాళ్ళ పేరే దారికి. 'మల్లికార్జునయ్య దారి'. ఎట్లుండాది?"

ఎట్లుందని మల్లికార్జునయ్యను అడగాలా? తన పేరు, పక్కన డిగ్రీ లేకపోయినా సరే, అచ్చులో, ఒక్కటే. ఇతర సిబ్బంది లేకుండా.

అయితే సంఘానికి ఒక నియమం ఉంది. దసరా పోయాక సభ్యులంతా వస్తారు. దారిపొడుగునా ఉన్న గుర్తుల్ని చూసుకుంటూ, ఎవర్నీ అడక్కుండా పైకి చేరాలి. దారి పెట్టినవాడు వెనక నడవొచ్చుగానీ నోరు మెదపకూడదు, చెయ్యి చూపించకూడదు. ఆయన సాయం లేకుండా చేరితేనే అది ఆయన దారి. లేకపోతే పుస్తకంలో ఆ పేరుకు చోటు లేదు.

"గుర్తులు ఎట్ల పెట్టల్ల? సున్నం పూసేదా?" అని అడిగాడు మల్లికార్జునయ్య.

"వద్దు సార్, రాయి పాడైపోతాది. మలుపు మలుపుకూ మూడు నాలుగు పలకరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చండి. దేశదేశాల్లో కొండలెక్కేవాళ్ళంతా అట్లే చేస్తారు."

ఇదిగో, ఇక్కడే మల్లికార్జునయ్య బుద్ధి గడ్డి తిన్నది. బెంగుళూరులో ఉండే పిల్లవాడికి తెలియకపోవచ్చు. ఈయన ఈ జిల్లాలో పుట్టి, ఈ జిల్లాలో పెరిగి, ఈ జిల్లాలోనే బదిలీలు తిరిగినవాడు. మన దిక్కున ఏ సామి కొండ ఎక్కినా చూడండి, దారి పక్కన చిన్న చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఉంటాయి. సామీ, మాకూ ఒక సొంత ఇల్లు ఇప్పించు అని మొక్కుకుని పెట్టినవి అవి. రెండు రాళ్ళు పేరిస్తే మామూలు ఇల్లు, నాలుగు పేరిస్తే మేడ. రాయి మీద రాయి ఎందుకు పెట్టావని ఈ జిల్లాలో ఎవరూ ఎవర్నీ అడగరు. ఆ సంగతి ఆయనకు చిన్నప్పుడే తెలుసు. కానీ దేశదేశాల మాట చెవిలో పడేసరికి సొంత ఊరి మాట బయటికి పోయింది.

ఆదివారం ఆదివారం కొండకు పోయి రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అంతకుముందు ఒకసారి కబడ్డీ పోటీలకు తనను రెఫరీగా పిలుస్తున్నారని ముందే చెప్పుకుని, తీరా పిలుపు రాకపోతే, బడి ముందు టీ హోటలు ఓబుళేసు ఆ ఎండాకాలమంతా ఆయనతో ఆడుకున్నాడు. "ఏమప్పా రెఫరీ, టీ నా, కాఫీ నా?" అని. అందుకని ఈసారి పుస్తకం చేతికొచ్చాకే నోరు విప్పాలని ఒట్టు పెట్టుకున్నాడు. పెళ్ళాం ఈశ్వరమ్మకు కూడా బడి పని ఉందని చెప్పాడు.

ఈశ్వరమ్మ గురించి చెప్పాలంటే మేకు గురించి చెప్పాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె బతుకంతా బాడుగ ఇళ్ళలోనే. తనకల్లు ఇంటామె గోడకు మేకు కొట్టొద్దనింది. కదిరి ఇంటాయన క్యాలెండరు వేలాడదీసినందుకే నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడీ ఊళ్ళో ఇంటి సొంతగాడు బాలప్ప పక్క వాటాలోనే ఉంటాడు. బండల ఫ్యాక్టరీలో మేస్త్రీ. రోజంతా మిషన్ల రంపపు మోతలో పనిచేస్తాడు గానీ, ఇంటికొచ్చాక గోడ మీద ఈగ వాలినా వినపడుతుంది ఆయనకు. ఈశ్వరమ్మ పెళ్ళి ఫోటో ట్రంకుపెట్టెలో, చీరల కింద, బోర్లా పడి ఉంది. "నాదంటూ ఒక గోడ ఉంటే, నడిమధ్యలో ఒక్క మేకు కొట్టుకుంటా. ఏమీ తగిలించకపోయినా సరే" అనేది. మల్లికార్జునయ్య "చూద్దాం లే" అనేవాడు. ఆ "చూద్దాం లే" వయసు వాళ్ళ కాపురం వయసంత.

సీతాఫలాల కాలం వచ్చింది. కాయలు తెంపడానికి కొండెక్కిన నల్లమ్మ, కూలి పనుల మనిషి, ఈశ్వరమ్మకు దోస్తు, ఒక సాయంత్రం గంప దించీ దించకముందే చెప్పింది.

"అక్కా, మీ ఆయప్ప కొండ మీద ఏం చేస్తాండాడో తెలుసునా? ఒగ చోట కాదు, కింద నుంచి పైదాకా రాళ్ళు పేరుస్తాండాడు. చెమట్లు కారిపోతాండాయి మనిషికి."

ఈశ్వరమ్మ చేతిలోని చాట అట్లాగే ఆగిపోయింది. మరుసటి ఆదివారం మొగుడు ఇంటికొచ్చేసరికి, పండగా పబ్బమా ఏమీ లేకుండా, విస్తరిలో నెయ్యి కారుతున్న ఓళిగలు, అదే బొబ్బట్లు, ఉన్నాయి.

"ఇప్పుడేమొచ్చిందే?" అన్నాడాయన.

"గమ్మున తిను. నాకంతా తెలుసు. నువ్వు బయటికి చెప్పొద్దు, నేనూ అడగను" అని ఇంకో ఓళిగ వేసింది.

మల్లికార్జునయ్య మురిసిపోయాడు. దారి సంగతి తెలిసిపోయిందన్నమాట, ఎగతాళి చేయకపోగా ఓళిగలు చేసిపెట్టిందన్నమాట అనుకుని, మూడోది కూడా అడిగి వేయించుకున్నాడు. ఆ మూడో ఓళిగ తినకుండా "నీకేం తెలుసే?" అని ఒక్క మాట అడిగి ఉంటే, తర్వాత ఇంత గోల జరిగేది కాదు.

ఆ పై ఆదివారం కొండకు పోయి చూస్తే, ఆయన పేర్చిన మొదటి గుర్తు పక్కన ఇంకో గుర్తుంది. రెండోదాని పక్కన రెండున్నాయి. ఎవరో పిల్లకాయల పని అనుకుని తోసేశాడు. ఇంతలో నల్లమ్మకు ప్రభుత్వం ఇల్లు మంజూరైంది. ఆమె దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగి ఎన్నేళ్ళయిందో. కానీ సారును చూసి తనూ కొండ మీద రాళ్ళు పేర్చిన వారంలోనే కాగితం చేతికొచ్చింది కదా, ఇక ఊరు ఆగుతుందా? డ్రిల్లు సారు పెట్టిన మొక్కు అంట, చాలా మహిమంట అని ఆ నోటా ఈ నోటా పాకింది. బండగుంటపల్లె అయిపోయాక పక్క పల్లెలు కదిలాయి. ఆటోల్లో వేలాడుతూ వచ్చారు. బండలు కోసి కోసి ఊళ్ళ ఇళ్ళకు గచ్చులు పంపించే జనం వాళ్ళంతా. సొంతగచ్చు లేనివాళ్ళు వాళ్ళలోనే ఎక్కువ. ఇంకేం, పలకరాళ్ళకు కొదవా, చేతులకు కొదవా? కొండంతా ఇళ్ళే. వీధులు ఏర్పడ్డాయి. "మా ఇంటి ముందర కట్టినావేమి" అని ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.

తర్వాత ఒక ఆదివారం కొండకు పోయి ఇవన్నీ చూశాడు మల్లికార్జునయ్య. తన గుర్తులేవో తనకే తెలియడం లేదు. ఉక్రోషం పట్టలేక దగ్గరున్న దాన్ని తన్నడానికి కాలెత్తాడు.

"ఏం సార్, మా ఇంటినే తంతావా?" అంటూ బండ వెనక నుంచి లేచింది పక్కపల్లె ముసలామె ఒకతె. "ఏడుపు ముఖాలోళ్ళం, ఏమో నీ చలవతో ఒక నీడ దొరుకుతాదని వస్తిమి. ఫస్టు పేర్చింది నువ్వే కదప్పా."

ఎత్తిన కాలు దించుకున్నాడు.

పోనీ తన గుర్తులకు ఒక తేడా ఉండాలని, తెల్లవారకముందే పోయి తన రాళ్ళమీద వేపరెమ్మలు పెట్టి వచ్చాడు. సాయంత్రానికి కొండ మీది ప్రతి ఇంటికీ వేపరెమ్మ ఉంది. సారు పెట్టాడంటే అర్థముండకుండా ఉంటుందా? రెమ్మలు తీసేసి పైరాయిని నిలువుగా నిలబెట్టాడు. రెండ్రోజుల్లో ఊరంతా నిలబెట్టింది. ఆఖరికి ఒళ్ళు మండి, ఏం చేయాలో తోచక, మెడలోని ఈల నోట్లో పెట్టుకుని ఊపిరున్నంతసేపూ ఊదాడు. అంతే, మరుసటి రోజు నుంచి ఇల్లు పేర్చడం పూర్తయినవాళ్ళంతా ఈల ఊదడం మొదలుపెట్టారు. కొండ కింద సోడాలు, బోండాల అంగడి పెట్టిన ఓబుళేసు ఈలలు కూడా తెచ్చి అమ్మాడు.

ఇక లాభం లేదు, ఈశ్వరమ్మతో అన్నీ చెప్పేసి, ఆమె చేత ఊరివాళ్ళకు నచ్చజెప్పించాలనుకుని ఇంటికి వచ్చాడు. "ఈశ్వరీ, ఆ రాళ్ళున్నాయి చూడు" అని మొదలుపెట్టాడో లేదో ఆమె అందుకుంది.

"చెప్పొద్దంటి కదా. చెప్తే మొక్కు పోతాది." కాసేపు కొంగు అంచు సరిచేసుకుంది. "ఇన్నేండ్లూ నేను ఇల్లు ఇల్లని అరిచింది నీ చెవిలో పడనే లేదనుకుంటి. మనిషివి కాదు, బండవనుకుంటి. కొండ మీద నువ్వు పేర్చిన రాళ్ళు చూసినాక ఏడుపొచ్చినాది నాకు. ఆదివారం గూడా పడుకోకుండా, ఎండలో, నా ఇంటి కోసరం. నేనూ పిల్లిసందు కాడ ఒకటి కట్టినాలే. నీకు చూపిస్తా ఒకనాడు."

సిగ్గేసింది మల్లికార్జునయ్యకు, ఇంత అని చెప్పలేనంత. ఇన్నేళ్ళలో పెళ్ళాం తనను అంత ప్రేమగా చూసింది ఇప్పుడే, అది తను చేయని పనికి. "సరే లే" అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

సంఘం వచ్చేది ఆదివారం. శనివారం సాయంత్రం ఒక్కడే కొండెక్కాడు. తక్కిన చోట్ల దారి తప్పినా తిరిగి తిరిగి మళ్ళీ దారిలో పడొచ్చు. పిల్లిసందు దగ్గర మాత్రం తప్పకూడదు. అక్కడ ఎడమకు తిరిగితే చీలిక, పైకి పోయే దారి. కుడికి పోతే వెడల్పాటి అరుగు లాంటి బండ, చూడ్డానికి అదే రాజమార్గం. కానీ దాని చివర బోదగడ్డి మాటున ఊడిపోయే పలకలు, వాటి కింద లోయ. కుడివైపు ఏ గుర్తూ ఉండకూడదు.

కుడివైపు మేడ ఉంది. కొండ మీది ఇళ్ళన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. రెండంతస్తులు, ముందర అరుగు, పక్కన మెట్లు, వాకిట్లో తులసికోట. మోకాలంత ఎత్తుంది. ఎవరిదో అడగక్కర్లేదు. ఈశ్వరమ్మ చేతిపని ఆయనకు తెలియదా? దీన్ని చూసినవాడెవడైనా నేరుగా దీని దగ్గరికే వస్తాడు. తన్నేయాలి, వేరే దారి లేదు. ఆమెకు కోతులు పడేశాయని చెప్పొచ్చు. ఒక కాలు వెనక్కి తీసి, తన్నేముందు లోపలికి వంగి చూశాడు.

లోపల గదిలో, నడిమి గోడకు, రాళ్ళ సందులో ఒక తుమ్మముల్లు గుచ్చి ఉంది. మేకు. ఆ మేకుకు ఆయన పాత ఈల తాడు, ఎర్రది, రంగు వెలిసిందని ఆయన ఎప్పుడో పారేసింది, చక్కగా ముడివేసి వేలాడదీసి ఉంది.

మల్లికార్జునయ్య ఆ బండ మీదే మేడ ముందు కూర్చున్నాడు. తన్నడం మాట దేవుడెరుగు, గాలికి ఆ తాడు కదులుతుంటే ముల్లు ఎక్కడ ఊడిపోతుందోనని సరిచేసి, లోపలికి నొక్కి, దిగివచ్చాడు.

ఆదివారం పొద్దున్నే టోపీలు, బూట్లు, వీపున సంచులతో సంఘమంతా దిగింది. ముందు నడిచేది కల్పన. పుస్తకం రాసేది ఆమే. దారి బాగుందీ లేనిదీ తేల్చేదీ ఆమే. అందరికంటే వెనక మల్లికార్జునయ్య, నోరు మూసుకుని. అటూ ఇటూ చేతులు ఊపడం అలవాటైన మనిషి గనుక రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

కల్పన మొదటి గుర్తు చూసి "అదిగో" అంది. రెండోది చూసి "అదిగో" అంది. మూడోసారి ఎటు చూసినా అదిగోలే. ఒక వీధి పట్టుకుని పోయింది. అది ముళ్ళపొదలో తేలింది. ఇంకో వీధి పట్టుకుంది. అది చుట్టి చుట్టి మొదటికే వచ్చింది. ఆఖరికి వరసగా, పద్ధతిగా, కొలిచి పెట్టినట్టున్న గుర్తులు దొరికాయి. అందరూ సంబరపడి వాటి వెంట చకచకా నడిచి ఓబుళేసు బోండాల అంగడి ముందు తేలారు. ఓబుళేసు ముందురోజే పేర్చి పెట్టుకున్నాడు వాటిని.

"రాండి రాండి, వేడిగుండాయి" అన్నాడు ఓబుళేసు.

సంఘం వాళ్ళు బోండాలు తిన్నారు. ఒకాయన ఇంత బాగా గుర్తులు పెట్టిన దారి ఎక్కడా చూడలేదన్నాడు. మల్లికార్జునయ్య ఓబుళేసును చూసిన చూపుకు మాటలుంటే, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఎట్లాగో మళ్ళీ ఎక్కారు. కల్పన తెలివైన పిల్ల. మనుషుల గుర్తుల్ని వదిలేసి, రాతి మీద చేతులు పడి నున్నబడిన చోట్లు చూసుకుంటూ పిల్లిసందు దాకా వచ్చేసింది. మల్లికార్జునయ్యకు ప్రాణం లేచివచ్చింది. ఇంకొక్క మలుపు. ఎడమకు తిరిగితే చాలు, పేరు అచ్చులో పడ్డట్టే. తిరుగమ్మా, ఎడమకు తిరుగు తల్లీ అని లోపల మొక్కుకున్నాడు.

కల్పన కుడివైపు చూసింది. ముఖం విప్పారింది.

"అబ్బ, ఎంత బాగుందో ఈ మేడ. దారి ఇటే" అని అరుగు మీదికి నడిచింది. మేడ పక్కగా వంగి, లోపలికి తొంగిచూసి, నవ్వుకుని, ఇంకో అడుగు ముందుకు వేసింది. గడ్డి వైపు.

మల్లికార్జునయ్య చేతులు వెనకాలే ఉన్నాయి. ఒక్క క్షణం, ఒట్టు, ఒక్క క్షణం ఆయనకు ఆ పుస్తకం కనబడింది. తర్వాత ఈల నోట్లో ఉంది. ఆ ఊదుడుకు కొండ అదిరింది. బడి పిల్లలైతే బొమ్మల్లాగా నిలబడిపోయే ఈల అది, కల్పన కూడా ఒంటికాలి మీద అట్లాగే నిలబడిపోయింది. సారు ఈల విని, ఏ పుణ్యాత్ముడి ఇల్లో పూర్తయిందనుకుని, కొండ మీదున్న ఆడవాళ్ళంతా తమ తమ ఈలలు తీసి ఊదారు. ఆ గోలలో ఆమె బూటు తగిలి ఒక పలక జారింది. గడ్డిలోకి పోయింది. చాలాసేపటికి, ఈలలన్నీ ఆగాక, కిందెక్కడో చప్పుడైంది.

కల్పన మెల్లగా కాలు వెనక్కి తీసుకుని మేడ పక్కన కూర్చుంది. దాన్నే చూస్తూ అడిగింది.

"ఈ మేడ ఎవరిది సార్?"

"మా ఆమెదమ్మా. ఈశ్వరమ్మ ఇల్లు" అన్నాడు మల్లికార్జునయ్య. "దాన్ని దాటి పోగూడదు. ఎడమకు తిరగల్ల."

ఎట్లాగూ నోరు విప్పాడు గనుక, పిల్లిసందులో వీపు ఎట్లా ఆనించాలో, కాలు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పి, అందరినీ పైకి చేర్చాడు. దిగివచ్చాక భరత్‌కుమార్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మా ప్రాణం కాపాడినారు. కానీ నియమం నియమమే గదా. మీరు మాట్లాడినారు. మీ పేరుతో దారి వేయలేము."

"తెలుసు లే నాయనా" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నమే ఈశ్వరమ్మకు నిజం చెప్పేశాడు. ఇంక దాచి ఏం లాభం. ఆ రాళ్ళు ఇంటి కోసం కాదని, దారి కోసమని, తన పేరు కోసమని. ఆమె అంతా విని, లేచి వంటింట్లోకి పోయి, చెంబు ఠంగుమని పెట్టింది. అప్పట్నుంచి విస్తరిలో అన్నం పడేది గానీ మాట పడేది కాదు. ఆ పై ఆదివారాలన్నీ ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఓళిగల ఊసే లేదు. పేరు పోయినందుకంటే, ఆమె తనను మళ్ళీ బండను చూసినట్టు చూస్తున్నందుకు ఎక్కువ కుమిలిపోయాడు.

ఎండాకాలం మొదట్లో టపా వచ్చింది. చిన్న పుస్తకం. మల్లికార్జునయ్య గడపలో నిలబడే తిరగేశాడు. లేదనుకుంటూనే తన పేరు కోసం వెతికాడు. దారుల పేర్లలో లేదు, కృతజ్ఞతల్లో కూడా "మరియు ఆయా ఊళ్ళ పెద్దలు" అని ఉంది. ఇక్కడ కూడానా అనుకుని, మూయబోతూ, ఒకచోట ఆగాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి గట్టిగా చదివాడు.

"'బూడిదకొండ. ఈశ్వరమ్మ ఇంటి దారి. ఈ కొండ మీద రాళ్ళ గుర్తులు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో దేన్నీ నమ్మవద్దు, ముఖ్యంగా బోండాల వైపు తీసుకుపోయే వాటిని. నమ్మదగ్గ గుర్తు ఒక్కటే, ఈశ్వరమ్మ గారి ఇల్లు. రెండంతస్తుల మేడ, వాకిట్లో తులసికోట. అది కనబడగానే ఎడమకు తిరగాలి. దయచేసి ఎవరూ ఆ ఇంటిని కదిలించవద్దు, దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ఎక్కడైనా ఈల వినబడితే ఉన్నచోటే నిలబడండి. ఊదే ఆయన ఆ ఇంటి మనిషే.'"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. ఈశ్వరమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంగోసారి సదువు."

చదివాడు.

"ఆ ఇల్లు అన్నకాడినుంచి సదువు." అదీ చదివాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఆ ఇంటి మనిషంట" అని, నెలల తర్వాత ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. "నీకు ఆ పేరు చాలునా?"

"చాలే" అన్నాడు మల్లికార్జునయ్య. నిజంగానే చాలనిపించింది ఆయనకు.

ట్రంకుపెట్టె తెరిచి, చీరల కింద నుంచి పెళ్ళి ఫోటో తీసింది. ఆయన మేకు వెతికి తెచ్చాడు. సుత్తి లేకపోతే పెరట్లోంచి నాపరాయి ముక్క తెచ్చాడు. నడిమి గోడకు, సరిగ్గా మధ్యలో, ఆమె వేలుపెట్టి చూపించిన చోట, దెబ్బ మీద దెబ్బ వేశాడు.

పక్క వాటాలోంచి బాలప్ప పరిగెత్తుకొచ్చాడు. గడపలోనే నిలబడి అరిచాడు.

"ఏమప్పా మల్లికార్జునయ్యా, ఎవురినడిగి మేకు కొడతాండావు?"

మల్లికార్జునయ్య చెయ్యి ఆపలేదు.

"ఇల్లుగలామెను అడిగే కొడతాండా బాలప్పా" అన్నాడు. "ఏం ఈశ్వరీ, ఇంకో దెబ్బ వేద్దునా?"